చేతిగేరు బండి

"పంపుహౌసు దాకా ఎలా వస్తావయ్యా త్రినాథరావూ? మీ ఆవిడ వీపు మీద మోసుకొస్తుందా?"

ఈ మాట అన్నది రాయగడ ఇంజన్ల షెడ్డు ఫోర్‌మేన్ వరాహనరసింహం గారు. అన్నది మా ఆయనని. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పట్టుకుని నేను గుమ్మం బయటే నిలబడి ఉన్నానని ఆయనకు తెలియదు. మాట పెద్దదేమీ కాదు. షెడ్డులో ఇలాంటివి రోజూ పుడుతూనే ఉంటాయి, సాయంత్రానికి బొగ్గు నుసితో పాటు ఊడ్చి పారేస్తారు. కానీ గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. వాళ్ళతో పాటు మా ఆయన కూడా నవ్వాడు. అది నాకు కాలింది.

నా పేరు సత్యభామ. ఆ పేరు పెట్టుకుని కోపం రాకపోతే పేరుకే అవమానమని మా అత్త అంటుంది. మా అత్త వరహాలమ్మ మా నాన్న తోడబుట్టిన చెల్లెలు. కాబట్టి నా కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకు బాగా తెలుసు.

డెబ్బై మూడో సంవత్సరం వానల్లో షెడ్డులో ఇంజను చక్రాలను కలిపే ఇనప కడ్డీ ఒకటి జారి మా ఆయన కుడికాలి మీద పడింది. అత్త కొడుకు కాబట్టి నాకు ఆయన చిన్నప్పటినుంచీ బావే. ఎముక అతికింది గానీ మోకాలు వంగడం మానేసింది. పాదంలో స్పర్శ లేదు. చెప్పు జారిపోయినా చూస్తే తప్ప తెలియదు. ఫిట్టరుగా ఇంజను కిందకు దూరి పని చేసిన మనిషిని మూల స్టూలు మీద కూర్చోబెట్టి, నూనె తుడిచే గుడ్డపీలికలు పంచే పని ఇచ్చారు. దానికీ ఒక గడువు ఉంది. ఆలోగా వేరే పనిలో కుదురుకోకపోతే అన్‌ఫిట్ అని ఇంటికి పంపేస్తారు. రైల్వేలో ఆ ముద్ర ఒకసారి పడితే ఆ మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. పాపం అంటారు.

ఖాళీ అవుతున్న పని ఒకటే ఉంది. నాగావళి ఒడ్డున పంపుహౌసు. ఇంజన్లకు నీళ్ళు తోడి పంపే పంపు అది. దాని దగ్గర కూర్చునే మనిషికి కాళ్ళకన్నా చెవులు ముఖ్యం. శబ్దం మారితే పట్టుకోవాలి. మా బావకు అంతకన్నా తగిన పని ఉండదు. కానీ పంపుహౌసు ఊరికి దూరంగా, నది పక్క గుంటలో ఉంది. బస్సు పోదు. ఆ గులకరాళ్ళ దారిన రిక్షావాడు రానంటాడు. మోకాలు వంగనివాడు సైకిలు తొక్కలేడు. దీపావళి పోయిన సోమవారం పొద్దుటి డ్యూటీకి ఎవరి సాయమూ లేకుండా పంపు దగ్గర కనపడితే పని నీదే, లేకపోతే ఇంకొకరిది అని ఫోర్‌మేన్ గారు తేల్చేశారు. ఆ తేల్చేసిన మాట చివరనే వీపు మాట తగిలించారు.

నేను క్యారియర్ గుమ్మంలో పెట్టేసి ఇంటికి నడిచాను. దారి పొడుగునా ఫోర్‌మేన్ గారికి నోట్లోనే జవాబులు చెప్పుకున్నాను. ఒక్కటీ సరిగ్గా కుదరలేదు. ఇంటికి వచ్చేసరికి పెరట్లో మా అత్త కోళ్ళపాకలో చెయ్యి పెట్టి గుడ్ల కోసం వెతుకుతోంది. గుడ్లు ఎప్పుడూ ఒకేచోట ఉంటాయి. పాత బి.ఎస్.ఎ. మోటారుసైకిలు ఇంజను కింద, గడ్డిలో.

ఆ బండి మా మావయ్యది, అంటే మా అత్త పెనిమిటి గురువులుది. ఆయన ఒక దివాణంలో మోటార్లు చూసుకునేవాడు. ఎస్టేటులు పోయినప్పుడు కార్లు పోయాయి, జీపులు పోయాయి. ఈ ఇంగ్లండు బండిని మాత్రం ఎవరూ తీసుకోలేదు. యుద్ధానికి ముందు రకం, గేరు కాలితో కాదు, పెట్రోలు ట్యాంకు పక్కన నిలబడి ఉండే ఇనప పుల్లను చేత్తో లాగాలి. ముసలి బండి, చేతిగేరు బండి అని నవ్వి వదిలేసి పోయారు. మావయ్య బతికున్నన్నాళ్ళు దాని మీద పద్మపూర్, గునుపూర్ తిరిగేవాడు. చిన్నప్పుడు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటే నేను ఆ పుల్ల పట్టుకోబోయేదాన్ని, ఆయన నా వేళ్ళ మీద చిన్నగా కొట్టేవాడు. ఆయన పోయాక బండి కోళ్ళ పాలయింది.

నేను కోళ్ళను తోలేసి బండి ముందు చతికిలపడి చూశాను. గేరు కుడిచెయ్యి. క్లచ్చు ఎడమచెయ్యి. వెనక బ్రేకు ఎడమకాలు. నడిపేటప్పుడు కుడికాలికి ఈ బండి మీద పనే లేదు. బుల్లెట్టయితే గేరు కుడికాలితో వెయ్యాలి. స్కూటరయితే బ్రేకు కుడికాలితో తొక్కాలి. జిల్లా మొత్తం మీద మా బావ నడపగలిగిన బండి ఇదొక్కటే, అది మా కోళ్ళ కింద ఉంది.

కుడికాలికి ఒక్క పనే ఉంది. కిక్కు కొట్టడం.

సాయంత్రం కర్ర టకటకలాడించుకుంటూ మా బావ వచ్చాడు. నేను సంగతి చెప్పాను. ఆయన బండి వంక చూడను కూడా చూడలేదు.

"మతుండే మాటాడతన్నావా? అది బండేటి, తుప్పు. ఒకేల నడిసినా, దాన్ని తన్నేదెవులు?"

"నాను."

"నువ్వు తన్నడమేటే?"

"ఏం, ఆ పేరెట్టుకున్నాక తన్నకపోతే ఎలగ?" అంది మా అత్త లోపలినుంచి.

ప్రమాదం జరిగిన తర్వాత మా బావ మొదటిసారి నిజంగా నవ్వింది అప్పుడే. షెడ్డులో నవ్విన నవ్వు కాదు, నాకు తెలిసిన నవ్వు. ఆ నవ్వు కోసం నేను ఇంజనునే కాదు, ఫోర్‌మేన్ గారి బల్లనైనా తన్నేదాన్ని.

మర్నాటి నుంచి మా వంటింటికీ పెరటికీ తేడా లేకుండా పోయింది. మా బావ అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఒక్కొక్క భాగం విప్పేవాడు, నేను కిరసనాయిల్లో కడిగేదాన్ని. ట్యాంకు లోపల తుప్పు వదలడానికి మా అత్త ఏడాదికని దాచుకున్న చింతపండు పులుసు పిసికి పోసి, గుప్పెడు గులకరాళ్ళు వేసి, నేనూ ఆవిడా చెరోవైపు పట్టుకుని ఊపాం. వాల్వులు బిగువుగా మూసుకునేందుకు వాటికి నూరుడు పిండి రాసి అరచేతుల మధ్య పుల్ల పెట్టి అటూ ఇటూ తిప్పడం నా పని. కవ్వం తిప్పడం వచ్చిన చెయ్యికి అది కష్టం కాలేదు. నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటో తీగ తడికి చచ్చిపోయింది. మా అత్త దాన్ని కొంగులో మూటగట్టుకుని రైలెక్కి, పార్వతీపురంలో ఫ్యాన్లు చుట్టే ఆయన దగ్గర కూర్చుని, కొత్త తీగ చుట్టించుకుని వచ్చింది. మధ్యలో ఆయన టీకి లేవబోతే లేవనివ్వలేదట.

పక్క క్వార్టరు అమ్మన్నమ్మ గారు గోడ మీదనుంచి రోజూ చూసేది.

"ఏటమ్మా వరహాలూ, కోడలి సేత ఇనప పని సేయిస్తన్నావు. నలుగురూ ఏటనుకుంతారు?"

"అనుకోవడానికి ఆలకి పనుండాల కదా. ఖాళీగుంతే గులకరాళ్ళున్నాయి, వచ్చి ఊపమను," అంది మా అత్త.

కిక్కు నేర్పడానికి మా బావకు ఓపిక చాలానే పట్టింది. ఎడమచేతి దగ్గర ఒక చిన్న పుల్ల ఉంది. దాన్ని వెనక్కి లాగితే నిప్పురవ్వ ఆలస్యంగా పుడుతుంది. లాగడం మరిచిపోతే ఇంజను ఎదురు తిరిగి తన్నినవాడినే తంతుంది. ఇంకో పుల్ల పట్టుకుంటే ఇంజను ఊపిరి వదిలేస్తుంది, కిక్కు దారి తేలికవుతుంది. ముందు మెల్లగా తొక్కుతూ బిగువు ఎక్కడుందో పాదంతో వెతకాలి. దాన్ని దాటించి, పుల్ల వదిలి, అప్పుడు ఒళ్ళంతా వెయ్యాలి.

"కాలి బలం కాదే. నీ బరువు మొత్తం దింపాల. మడిలో నాట్లేసినప్పుడు బురదలోకి కాలు దించుతావు సూడు, అలగ."

నేను మడిలో మాదిరే చీర గోచీ పోసి కట్టాను. ప్లగ్గు తీసేసి ఖాళీ ఇంజను మీద పొద్దున్నా సాయంత్రం అదే పని. కాలి పిక్క కందిపోయింది. అమ్మన్నమ్మ గారు గోడ దగ్గర మొహం తిప్పుకునేది గానీ వెళ్ళిపోయేది మాత్రం కాదు.

దీపావళి ముందర మా పెద్దబావ రమణమూర్తి సెలవు పెట్టి వచ్చాడు. కొరాపుట్ వైపు ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో పని ఆయనకు. అక్కడ మెషిన్లన్నీ రష్యావాళ్ళవి. ఆ ఊళ్ళో లోకమంతా మిల్లీమీటర్లతో నడుస్తుంది. మా షెడ్డులోని ఇంజన్లేమో ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగినవి, వాటి నట్టూ బోల్టూ అంగుళాల లెక్క. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరన్నదమ్ములు, ఒకడి స్పానరు ఇంకొకడి నట్టుకు పట్టదు.

పెద్దబావ మంచివాడు. అదే ఇబ్బంది. తమ్ముడికి ఏదో ఒకటి చెయ్యాలని చేతులు దురదపెడతాయి. వస్తూనే బండి చుట్టూ తిరిగి, "ఈ సేతిగేరు ఏటిరా, పురాణకాలం నాటిది. బుల్లెట్ గేరుబాక్సొకటి సూసి కాలిగేరు పెట్టేద్దాం," అన్నాడు. మా బావ తన కుడికాలి వంక చూసుకున్నాడు. పెద్దబావకు అప్పుడు వెలిగింది. నాలుక కరుచుకున్నాడు. ఆ తప్పు దిద్దుకోవాలనే ఇంకో తప్పు చేశాడు.

మధ్యాహ్నం మా బావ షెడ్డులో ఉన్నాడు. నేను బజారుకు వెళ్ళాను. పెద్దబావ ఇంజను తలకాయను పట్టి ఉంచే తుప్పు బోల్టులన్నీ విప్పేసి, తన సంచిలోంచి తళతళలాడే ఫ్యాక్టరీ బోల్టులు తీసి బిగించాడు. కొంచెం బిగువుగా వెళ్ళాయట. బిగువు మంచిదే కదా అని ఇంకాస్త బలం పెట్టాడట.

ఆ సాయంత్రం మొదటిసారి ప్లగ్గు పెట్టి, పెట్రోలు పోసి నేను కిక్కు కొట్టాను. ఇంజను బతికినట్టే దగ్గింది. వెంటనే తలకాయ కిందనుంచి బుస్సుమని గాలి, నూనె తుంపర. మా బావ చెయ్యి పెట్టి ఒక బోల్టు పట్టుకుంటే అది వేళ్ళకే ఊడి వచ్చేసింది. దాని చుట్టూ ఇనప తురుము. సిలిండరు లోపల మరలన్నీ తెగిపోయాయి.

"ఇవెక్కడివి?"

"మా ఫ్యాక్టరీవిరా. ఫస్టు క్లాసు స్టీలు. ఎనిమిది మిల్లీమీటర్లు," అన్నాడు పెద్దబావ. గొంతు అప్పటికే దిగిపోయింది.

"ఇది అంగుళాల బండిరా అన్నయ్యా."

"అంగుళాలేట్రా ఇంకా? కిలోలొచ్చేయి, మీటర్లొచ్చేయి. బ్రిటిషోడు ఎల్లిపోయి ఎన్నాళ్ళయింది?"

"బ్రిటిషోడు ఎల్లిపోయేడు. ఆడి బోల్టు ఎల్లనేదు."

ఆ ఒక్కమాట అని మా బావ కర్ర తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నాతో, "సాల్లే సత్తె. తుక్కుకిచ్చీ. నాకు అన్‌ఫిట్టే రాసుంది," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. నాకు నిజంగా భయం వేసింది. ఆ గొంతు బండిని వదిలేసిన గొంతు కాదు, తనను తాను వదిలేసుకున్న గొంతు.

భయం వేస్తే నేను ఏడవను. అరుస్తాను. ఆ తళతళల బోల్టులన్నీ గుప్పిట పట్టి గోడ అవతలికి విసిరాను. అవి వెళ్ళి అమ్మన్నమ్మ గారి పెంకుల మీద గలగలా పడ్డాయి.

"నీ కాలు పోయిందని డాట్రు సెప్పేడు, ఒప్పుకున్నాను. నీ సేతులు పోయాయని ఎవులు సెప్పేరు? నీ బుర్ర పోయిందని ఎవులు సెప్పేరు? ఆ ఫోర్‌మేను ఒక్కమాటంతే నువ్వూ ఆడితో కలిసి నవ్వేవు. నాను గుమ్మంలోనే ఉన్నాను బావా. ఇన్నాను. ఇంకోపాలి అలగ నవ్వేవంతే ఈ బండి కాదు, నిన్నే తుక్కుకి ఏసెస్తాను."

  మా బావ నా వంక చూశాడు. నేను గుమ్మంలో ఉన్న సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. తర్వాత లేచి వచ్చి, మర తెగిన రంధ్రంలో చిటికెనవేలు పెట్టి తిప్పి చూశాడు.

"పాత మర పోయింది. రంధ్రం కాస్త పెద్దదయింది," అన్నాడు, తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు. "పెద్దదయింది కాబట్టి పై సైజు మర కొయ్యొచ్చు. అంగుళాల్లోనే. షెడ్డులో ఆ ట్యాపుంది."

ట్యాపు అంటే రంధ్రం లోపల మరలు కోసే పనిముట్టు. షెడ్డులో అది ఫోర్‌మేన్ గారి గదిలోనే, గోడ మీద చెక్కకు వేలాడుతూ ఉంటుంది. ఏ పనిముట్టు వెనక ఆ పనిముట్టు ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది. తీస్తే ఖాళీ ఆకారం కనపడుతుంది. అడిగితే సొంత పనికి ఇవ్వరు. అడగకుండా తీస్తే ఊరంతటికీ కనపడుతుంది.

"ఖాళీ కనపడితే కనపడనీ," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను తీసుకెళ్ళిన క్యారియర్‌లో అన్నం ఉంది. తిరిగి తెచ్చిన క్యారియర్‌లో కింది గిన్నెలో ట్యాపు, దాన్ని తిప్పే పిడి, షెడ్డులో పారేసిన పాత బోల్టులు ఉన్నాయి. గేటు దగ్గర ఫోర్‌మేన్ గారు ఎదురయ్యారు.

"ఏమ్మా, క్యారియర్ బరువుగా ఉన్నట్టుంది? తినలేదా అతను?"

"ఆకలి నేదన్నాడండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. నేను చెయ్యి మార్చుకోకుండా ఇంటిదాకా నడిచాను.

ఆ వారం మా బావ మరలు కోశాడు. అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి, నూనె చుక్క, మళ్ళీ అర తిప్పు. ట్యాపు పక్కకు ఒరగకుండా నేను మట్టం పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. తలకాయలో రంధ్రాలు కూడా పెద్దవి కావాలి కదా, గుండ్రటి ఆకురాయితో వాటిని పెద్దబావ చేత రాయించాం. పాపం, నోరెత్తకుండా రాశాడు. మధ్యమధ్య మిల్లీమీటర్ల లెక్కలోకి మార్చుకుంటూ పెదాలు కదిపేవాడు. వంగని కాలు ఆనించుకోవడానికి మా బావ ముందువైపు పొడుగాటి ఇనప పలక ఒకటి బిగించుకున్నాడు. బండి ఎక్కడం కూడా తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. అందరూ ఎడమవైపు నుంచి ఎక్కుతారు. ఆయన కుడివైపు నిలబడి, బిగిసిన కాలి మీద బరువు వేసి, మంచికాలు అవతలికి తిప్పేవాడు.

దీపావళి వెళ్ళిన ఆదివారం అన్నీ బిగించాం. తన తప్పు కాబట్టి మొదటి తన్ను తనదేనన్నాడు పెద్దబావ. మేం వద్దనేలోపే ఎక్కాడు. ఎడమచేతి పుల్ల వెనక్కి లాగాలన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? ఫ్యాక్టరీలో అన్నీ మీట నొక్కితే తిరుగుతాయి. కిక్కు కొట్టాడు. ఇంజను ఎదురు తన్నింది. ఆయన గాల్లోకి లేచి కోళ్ళపాక మీద పడ్డాడు. పాక కూలింది. కోళ్ళు అమ్మన్నమ్మ గారి పెరట్లోకి ఎగిరాయి.

"రష్యాలో ఇలగే తంతారేట్రా?" అంది మా అత్త, కొడుకుని లేవదీస్తూ.

నేను చీర గోచీ పోసుకున్నాను. పుల్ల వెనక్కి లాగాను. బిగువు వెతికాను, దాటించాను. ఊపిరి పుల్ల వదిలాను. బురదలోకి కాలు దించినట్టు ఒళ్ళంతా దించాను.

మొదటిదానికి దగ్గింది. రెండోదానికి దగ్గింది. మూడోదానికి అందుకుంది. దబ్ దబ్ దబ్ మని, తొందర లేకుండా, మా మావయ్య రోజుల్లో విన్న అదే శబ్దం. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఏడుస్తుంటే చూడటం నాకు అదే మొదలు. మా బావ కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత నిప్పురవ్వ పుల్లను కొంచెం ముందుకు జరిపాడు. శబ్దం కుదురుకుంది. గోడ మీద అమ్మన్నమ్మ గారు రెండు చేతుల్లో రెండు కోళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"నడుస్తాదే," అందావిడ, నమ్మలేనట్టు.

సోమవారం తెల్లవారాక మేం బయల్దేరాం. ఆయన ముందు, నేను వెనక, నా ఒళ్ళో క్యారియర్. షెడ్డు ముందునుంచే పోనిమ్మన్నాను. చుట్టుదారి ఉంది, కానీ నేను చుట్టుదారిలో పోవడానికి ఇంత కష్టపడలేదు. నైట్ డ్యూటీ దిగుతున్న వాళ్ళంతా గేటు దగ్గర నిలబడిపోయారు. వాళ్ళ ముందు మా బావ హ్యాండిలు మీదనుంచి కుడిచెయ్యి తీసి, ట్యాంకు పక్క పుల్ల పట్టుకుని గేరు మార్చాడు. దొర మీసం దువ్వుకున్నంత తీరుబడిగా మార్చాడు. ఎవరూ నవ్వలేదు.

పంపుహౌసు దగ్గర ఫోర్‌మేన్ వరాహనరసింహం గారు ముందే వచ్చి ఉన్నారు. మా బావ రాని పక్షంలో ఆ పనిలో కూర్చోవలసిన ఇంకో మనిషి కూడా గోడ నీడన నిలబడి ఉన్నాడు. మా బావ బండి ఆపి, ఎడమకాలు ఆనించి, తన పద్ధతిలో దిగి, కర్ర తీసుకున్నాడు. ఫోర్‌మేన్ గారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఇంజను తలకాయ దగ్గర వంగారు.

"ఈ బోల్టులు షెడ్డువిలా ఉన్నాయే."

"పారేసినవండి," అన్నాడు మా బావ.

"చెక్క మీద ట్యాపు చోటు కూడా ఖాళీగా ఉంది."

"ఇదిగోనండి," అని నేను క్యారియర్ కింది గిన్నె తీసి ఇచ్చాను. ట్యాపు తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచాను.

ఆయన దాన్ని తిప్పి చూసి జేబులో వేసుకున్నారు. ఆ సంగతి అక్కడితో వదిలేశారు. అసలు సంగతి మాత్రం వదల్లేదు.

"త్రినాథరావూ, నేను ఎవరి సాయమూ లేకుండా రమ్మన్నాను. పొద్దున బండి స్టార్టు చేసింది ఎవరు?"



"నానండి," అన్నాను.

"డ్యూటీ దిగాక ఎవరు స్టార్టు చేస్తారు? ఇది గుంట. తోసుకుంటూ పోయినా అందుకోదు. చివరికి ఆవిడ మోస్తేనే కదా నువ్వు కదిలేది?"

గోడ నీడన ఉన్న మనిషి నవ్వబోయాడు. మా బావ నవ్వలేదు. తల దించుకోలేదు కూడా. ఆయన నా వైపు చూశాడు, నాకు అది చాలు. దారి పొడుగునా ఆ రోజు కుదరని జవాబు ఇప్పుడు వచ్చింది.

"బాబూ, మీరు రైల్లో ఏటి పనిలో సేరేరండి?"

ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది. ఆయనకు ఇష్టం లేని సంగతి కూడా కాదు. "ఫైర్‌మేన్‌గా," అన్నారు.

"బొగ్గు మీరేసేవోరు. నిప్పు మీరు రాజేసేవోరు. ఇంజను డ్రైవరు గారు నడిపేవోరు. మరి ఆ డ్రైవరు గారు మీ ఈపు మీద ఎక్కి నడిపేరాండి?"

ఫోర్‌మేన్ గారు బండి వంక ఒకసారి చూశారు.

"ఫైర్‌మేను నేకపోతే కదలలేడని ఆయన్ని ఎవులైనా అన్‌ఫిట్ అన్నారా? అననేదు. ఇంజనుకి ఇద్దరుండాలని రైల్వేయే సెప్పింది. ఈ ఇంజనుకీ అంతే. డ్రైవరు ఆయన. ఫైర్‌మేన్ని నాను."

 ఫోర్‌మేన్ గారు తన అరచేతులు చూసుకున్నారు. పార పట్టిన చేతులకు ఆ కాయలు ఎన్నేళ్ళు కుర్చీలో కూర్చున్నా పోవు. తర్వాత కోటు జేబులోంచి పంపుహౌసు తాళంచెవి తీసి మా బావ చేతిలో పెట్టారు. గోడ నీడన ఉన్న మనిషిని రమ్మని సైగ చేసి బయల్దేరారు. నాలుగడుగులు వేసి ఆగారు. నా వైపు తిరిగారు.

"డ్యూటీ రెండింటికి దిగుతుంది," అన్నారు. "ఫైర్‌మేన్ ఆలస్యంగా వస్తే నేను ఊరుకోను."

"ఒత్తానండి," అన్నాను.

లోపల మా బావ పంపు తిప్పాడు. నీళ్ళు అందుకునే శబ్దం వచ్చేదాకా బయట నిలబడి, తర్వాత ఇంటికి నడిచి వెళ్ళాను. వంట చేశాను. రెండింటికి ముందే మళ్ళీ నడిచి వచ్చి, గోచీ బిగించి బండి పక్కన నిలబడ్డాను.

ఆయన రిటైరయ్యేదాకా ఆ పంపు ఆయన చేతిలోనే ఉంది. నేను ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు.